రోజుకు నూట ముప్ఫై రీళ్ళు

రాజమండ్రి నుంచి ఒక డిగ్రీ కుర్రాడు ఉత్తరం రాశాడు. పేరు అచ్చు వేయొద్దన్నాడు కాబట్టి వేయడం లేదు. నాలుగు పేజీల ఉత్తరంలో మూడున్నర పేజీలు సినిమా కబుర్లే. ఆఖరి అరపేజీలో మాత్రం గోడు వెళ్ళబోసుకున్నాడు.

"సార్, నా దగ్గర ఒక షార్ట్ ఫిల్ము కథ ఉంది. బుర్రలో సీన్లన్నీ రెడీ. రాద్దామంటే టైము లేదు. పొద్దున్న కాలేజీ, సాయంత్రం మా నాన్నగారి షాపు. కథ రాయాలంటే కనీసం నాలుగ్గంటలు ఏకధాటిగా కూర్చోవాలి కదా! ఎనిమిది నెలలుగా అలాంటి నాలుగ్గంటలు నాకు దొరకలేదు. రోజుకు ఇరవై నాలుగ్గంటలే అని ఎవరు పెట్టారు సార్?"

ఎవరు పెడితేనేం తమ్ముడూ! చిక్కు ఇరవై నాలుగులో లేదు, 'గంట' అన్న మాటలో ఉంది. ఈ సంగతి ఏ పుస్తకంలోనో చదివి చెప్పడం లేదు, చేతులు కాల్చుకుని నేర్చుకున్నాను. ఆ కథ కాసేపాగి చెబుతాను. ముందు కొన్ని లెక్కలు. లెక్కలంటే భయపడకండి... సినిమా లెక్కలే!

* * *

గంటనేది పెద్దనోటు లాంటిది. ఐదొందల నోటు పట్టుకుని పొద్దున్నే టీ బడ్డీ దగ్గరికి వెళ్ళండి. "చిల్లర లేదండీ" అంటాడు. జేబులో ఐదొందలు పెట్టుకుని కూడా టీ తాగకుండా వెనక్కి రావాల్సిందే. మన రోజు కూడా అంతే. బస్సు కోసం 12 నిమిషాలు, లెక్చరరు రాకముందు 8 నిమిషాలు, షాపులో బేరం లేనప్పుడు 15 నిమిషాలు... మనకు దొరికేదంతా చిల్లరే. మనం మాత్రం పెద్దనోటు కోసం కాచుక్కూర్చుంటాం. "ఒక గంట తీరిక దొరకనీ, అప్పుడు చూద్దాం" అంటాం. ఆ గంట దొరకదు. ఈలోగా చిల్లరంతా చిల్లుజేబులోంచి జారిపోతుంది.

పైగా గంట అన్న మాటకి ఇంకో సుగుణం ఉంది. అబద్ధానికి భలే పనికొస్తుంది! పన్నెండేళ్ళుగా ఈ పత్రికకూ ఆ పత్రికకూ రాసుకుంటూ స్టూడియోల చుట్టూ తిరుగుతున్నవాణ్ణి. ఇన్నేళ్ళలో నేను ఎక్కువసార్లు విన్న డైలాగు ఏదో తెలుసా? "హీరోగారు ఒక గంటలో వచ్చేస్తారండీ, కూర్చోండి!" ఆ గంట పొద్దున్న పదింటి నుంచి మధ్యాహ్నం మూడింటి దాకా సాగిన రోజులున్నాయి. అదే "హీరోగారు పదిహేడు నిమిషాల్లో వస్తారండీ" అని ఎవరైనా అన్నారా? అనరు. పదిహేడు నిమిషాలంటే మాట ఇచ్చినట్టు. గంటంటే మాట దాటేసినట్టు.

వాళ్ళననడం ఎందుకు లెండి, నేనేం తక్కువ తిన్నానా! ఎడిటరుగారు ఫోన్ చేసినప్పుడల్లా "ఒక గంటలో పంపించేస్తానండీ" అనే నేనూ అంటాను. ఆయన నవ్వి పెట్టేస్తారు.

* * *

రోజుకు 24 గంటలు. అంటే 1440 నిమిషాలు. ఈ అంకె చూస్తే కాస్త ధైర్యంగా లేదూ! ఇప్పుడు దీన్ని ఫిల్ములోకి మారుద్దాం.

ఫిల్ము మీద సినిమాలు తీసిన రోజుల్లో 35 మిల్లీమీటర్ల ఫిల్ము సెకనుకు 24 ఫ్రేముల చొప్పున పరిగెత్తేది. అడుగు ఫిల్ములో 16 ఫ్రేములు. అంటే సెకనుకు అడుగున్నర, నిమిషానికి 90 అడుగులు. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు. రెండున్నర గంటల సినిమాకి 13,500 అడుగులు, పద్నాలుగు రీళ్ళు. ఇదే లెక్కన మన రోజు ఎంత పొడుగు? 1440ని 90తో హెచ్చవేయండి. 1,29,600 అడుగులు. దగ్గర దగ్గర నూట ముప్ఫై రీళ్ళు!

అంటే రోజూ ఎవరో మన గుమ్మం ముందు నూట ముప్ఫై రీళ్ళ ముడి ఫిల్ము దించేసి వెళ్ళిపోతున్నారన్నమాట. బిల్లు లేదు, కోటా లేదు. కోటీశ్వరుడికీ అంతే, మనకీ అంతే. షరతులు మాత్రం రెండున్నాయి. ఇవాళ్టి రీలు రేపటికి పనికిరాదు. కెమెరా ఆపడానికి వీల్లేదు.

ఏడు గంటల నిద్రకి 38 రీళ్ళు తీసేయండి. ఇంకా 92 మిగులుతాయి. ఆరున్నర సినిమాలకు సరిపడా ఫిల్ము! అందులో దాచుకోదగ్గ సీను రోజుకొక్కటైనా తీస్తున్నామా అన్నదే ప్రశ్న.

ఈ విషయంలో సినిమావాళ్ళు మనకంటే తెలివైనవాళ్ళు. మనల్ని బయట కుర్చీలో కూర్చోబెట్టేటప్పుడు గంటల్లో మాట్లాడతారు గానీ, పనిలోకి దిగితే అన్నీ నిమిషాలే. 150 నిమిషాల సినిమాని 60 రోజుల్లో తీశారనుకోండి. రోజంతా లైట్ల కింద వందమంది చెమటోడిస్తే తెరమీదికి ఎక్కేది రెండున్నర నిమిషాలు. అంతే! "రెండున్నర నిమిషాలకేముంది" అని ఎవరూ చప్పరించెయ్యరు. అవన్నీ ఒకచోట చేరిస్తేనే కదా సినిమా.

కె.వి. రెడ్డిగారి సంగతి చూడండి. 1957లో వచ్చిన 'మాయాబజార్' కోసం ఆయన తలపండిన నటీనటుల చేత కూడా ముందే రిహార్సల్స్ చేయించారు. ఏ సీను ఎంతసేపు వస్తుందో ఆ రిహార్సల్స్‌లోనే లెక్కకట్టి, సినిమా నిడివి తేల్చుకున్నారు. మూడు గంటలు దాటిన సినిమా అది. ఇవాళ్టికీ టీవీలో వస్తే మధ్యలో లేవబుద్ధి కాదు. మూడు గంటల్ని ఆయన మూడు ముద్దలుగా చూడలేదు, నూట ఎనభై పైచిలుకు నిమిషాలుగా చూశారు. అదీ రహస్యం.

పాత పాటలు తీసుకోండి. ఎక్కువ భాగం మూడు, మూడున్నర నిమిషాలే ఎందుకుంటాయి? 78 ఆర్.పి.ఎం. గ్రామఫోను రికార్డు ఒక పక్క అంతే పట్టేది. "మూడు నిమిషాల్లో ఏం పాడతాం, ఏం రాస్తాం" అని ఆనాటివాళ్ళు చేతులెత్తేయలేదు. పల్లవి, చరణాలు, మధ్యలో వయొలిన్లు... అన్నీ అందులోనే సర్దారు. ఆ మూడు నిమిషాల్ని మన అమ్మమ్మలు జీవితమంతా పాడుకున్నారు.

అసలు సినిమా పుట్టుకే నిమిషంలో జరిగింది. 1895 డిసెంబర్ 28న పారిస్‌లో లూమియేర్ సోదరులు టిక్కెట్టు పెట్టి ఆడించిన మొదటి ఆటలో పది బొమ్మలు. ఒక్కొక్కటి నిమిషం కూడా లేదు. ఫ్యాక్టరీ గేటులోంచి కూలీలు బయటికొస్తారు, అంతే. నూట ముప్ఫై ఏళ్ళుగా ప్రపంచం ఇంకా ఆ గేటు దగ్గరి నుంచి లెక్కపెడుతోంది.

* * *

"ఈ నిమిషాల గోలంతా దొరలది, మనకెందుకండీ" అంటారేమో. మన పంచాంగం తిరగేయండి. మన పెద్దవాళ్ళు రోజుని అరవై గడియలు చేశారు. గడియకు 24 నిమిషాలు. గడియని మళ్ళీ అరవై విఘడియలు చేశారు. విఘడియకు 24 సెకన్లు. ముహూర్తమంటే రెండు గడియలు, 48 నిమిషాలు. గడియారం అన్న మాటలో ఉన్నది కూడా ఈ గడియే. రోజుని ఇరవై నాలుగు ముక్కలు చేస్తే సరిపోదని వాళ్ళకి తెలుసు.

మన పరిశ్రమలో వింత చూడండి. కొత్త సినిమా మొదలుపెట్టేటప్పుడు ముహూర్తం షాటు '9 గంటల 12 నిమిషాలకు' అని కార్డులో అచ్చు వేస్తారు. 9.12కి కొబ్బరికాయ కొట్టి, క్లాపు కొట్టాల్సిందే. 9.13 అయితే పంతులుగారు ఊరుకోరు. అంత పట్టింపు ఉన్న యూనిట్టే మర్నాటి నుంచి 'ఒక గంటలో' భాషలోకి దిగిపోతుంది. ముహూర్తం నాటి శ్రద్ధ రెండో రోజుకి ఉంటే ఎంతమంది నిర్మాతలు బాగుపడేవారో!

* * *

ఇక నా కథ.

మా మేనమామ మా ఊళ్ళో, గుంటూరు జిల్లాలో, సినిమాహాల్లో ఆపరేటరు. నాకు తొమ్మిదేళ్ళప్పటి నుంచి వేసవి సెలవుల్లో నా మకాం ఆ ప్రొజెక్టర్ గదిలోనే. ఉక్కపోత, కార్బన్ కడ్డీల వాసన, మిషను చప్పుడు. చిన్న కిటికీలోంచి తెర. బాల్కనీ టిక్కెట్టు కొన్నవాడికి కూడా లేని వైభోగం నాది!

రెండు రీళ్ళు కలిపి ఒక చుట్టగా చుట్టేవాడు మామయ్య. ఇరవై నిమిషాలకోసారి ఒక మిషను ఆపి రెండోది అందుకోవాలి. ఎప్పుడు అందుకోవాలో తెలిసేదెలా? తెరమీద కుడిచేతి వైపు పై మూల గుండ్రంగా ఒక చుక్క తళుక్కుమంటుంది. ఆ చుక్క పడితే రీలు ఇక ఎనిమిది సెకన్లే. రెండో మిషను మోటారు తిప్పాలి. మళ్ళీ చుక్క పడగానే మార్చెయ్యాలి. హాల్లో వందలమంది చూస్తున్నా ఆ చుక్క ఎవరికీ కనపడదు. మామయ్యకి తప్ప. తర్వాత నాకు తప్ప.

కొన్నిసార్లు ఒకే ప్రింటు రెండు హాళ్ళలో ఆడేది. పక్క ఊరి హాల్లో ఆట అరగంట ముందు మొదలయ్యేది. అక్కడ అయిపోయిన రీళ్ళు డబ్బాలో పెట్టుకుని ఒక కుర్రాడు సైకిలు తొక్కుకుంటూ మా హాలుకి తెచ్చేవాడు. వాడు రెండు నిమిషాలు ఆలస్యమైతే ఇక్కడ తెర తెల్లబోతుంది. ఈలలు, కేకలు, కుర్చీల చప్పుళ్ళు! "ఒరే అల్లుడూ, నిమిషమంటే ఏంటో తెలియాలంటే తెల్లతెర ముందు నిలబడాల్రా" అనేవాడు మామయ్య. "బొమ్మ ఆడుతున్నప్పుడు గంట కూడా తెలీదు. తెర తెల్లగా ఉంటే నిమిషం కూడా ఏడాదే."

డిజిటల్ వచ్చాక ఆ గది ఖాళీ అయింది. తర్వాత హాలే ఫంక్షన్ హాలైంది. మామయ్య దగ్గర మిగిలినవి కథలు. ఏ సినిమాకి ఊళ్ళో ఏం జరిగింది, ఏ రీలు ఎక్కడ తెగింది, ఏ పాటకి జనం వన్స్‌మోర్ అంటే వెనక్కి తిప్పి వేశాడు... వంద కథలుంటాయి. "మామయ్యా, ఒక పూట తీరిక చేసుకుని వస్తా. నీ కథలన్నీ రికార్డు చేసుకుని శీర్షికలో రాస్తా" అన్నాను. ఒకసారి కాదు, రెండేళ్ళపాటు అన్నాను. ఒక పూట అంటే పెద్దనోటు కదా... దొరకలేదు.

పోయిన సంక్రాంతి వెళ్ళిన వారానికి ఆయనే ఫోన్ చేశాడు. "ఏరా, పనిలో ఉన్నావా? ఒకటి గుర్తొచ్చింది, ఆ సైకిలు కుర్రాడి సంగతి..." అన్నాడు. "మామయ్యా, షూటింగు దగ్గరున్నా. ఒక గంటలో చేస్తా" అన్నాను.

చేయలేదు. ఆ గంటలో చేయలేదు. ఆ రోజు చేయలేదు. పదకొండో రోజున అత్తయ్య ఫోన్ చేసింది. మామయ్యకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు... మాట.

రాత్రి రైల్లో వెళుతూ ఫోను తీసి ఆ రోజు తాలూకు లెక్క చూశాను. మామయ్యతో మాట్లాడింది 38 సెకన్లు. అదే రోజు ఫోను తెరని నేను చూసింది 205 నిమిషాలు. అందులో ఎక్కువ భాగం రీల్సే! మాట ఒకటే చూడండి. మామయ్య రీలు పదకొండు నిమిషాలు, దానికి ఎక్కడ ఆగాలో తెలుసు. నా రీలు అర నిమిషం, దానికి చుక్క పడదు. ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటుంది.

ఇంకో లెక్క ఫోనులో లేదు, నాకు గుర్తుంది. ఆ రోజు షూటింగు దగ్గర నేను చేసిన పనేమిటి? ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని హీరోగారి కోసం ఎదురుచూడ్డం. దగ్గర దగ్గర 170 నిమిషాలు. మామయ్య కథకి పది నిమిషాలు లేవన్న మనిషి దగ్గర 170 నిమిషాలు ఊరికే పడున్నాయి.

* * *

ఇంటికి వచ్చాక వరండాలో నవారు మంచం మీద పడుకోబెట్టారు మామయ్యని. "మాట వస్తోంది నాయనా, కూడబలుక్కోవాలి. నువ్వు అందించకు. ఆయన్నే చెప్పనీ" అంది అత్తయ్య.

మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. "సై...కి..." అన్నాడు. ఆగాడు. ఆ ఆగడం ఎంతసేపో! నోటిదాకా వచ్చిన మాటని నేనే అనేద్దామనిపించింది. అత్తయ్య నావంక చూసింది, ఊరుకున్నాను. నిమిషం గడిచాక మిగతా మాట వచ్చింది. తెల్లతెర ముందు నిలబడ్డం అంటే ఏంటో ముప్ఫై ఆరేళ్ళ వయసులో అప్పుడు తెలిసింది. ఒకప్పుడు అదే కథని గొంతులు మార్చి, ఈలలు వేసి, ఐదు నిమిషాల్లో చెప్పి పొట్టచెక్కలు చేసేవాడు. ఆ రోజు నలభై నిమిషాలకి సగం కథ అయింది.

మధ్యలో జేబులో ఫోను మోగింది. అలవాటుగా నా చెయ్యి జేబు మీదికి పోయింది. మామయ్య బాగున్న ఎడంచెయ్యి మెల్లిగా పైకెత్తి, ఎదురుగా గోడకి కుడివైపు పై మూల చూపించాడు. మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వాపుకోలేకపోయాను. చుక్క! ఆయనా నవ్వాడు, సగం మొహంతో. ఫోను అత్తయ్యకిచ్చి కూర్చున్నాను.

ఇప్పుడు రోజూ రాత్రి ఎనిమిదిన్నరకి ఫోను చేస్తాను. అత్తయ్య ఫోను ఆయన చెవి దగ్గర పెడుతుంది. పదకొండు నిమిషాలు, సరిగ్గా ఒక రీలు. అంతకంటే ఎక్కువైతే ఆయన అలిసిపోతాడు. కొన్ని రోజులు నాలుగు వాక్యాలు వస్తాయి, కొన్ని రోజులు ఒకటే. అన్నీ రికార్డవుతున్నాయి. ఇప్పటికి 64 రీళ్ళయ్యాయి. సైకిలు కుర్రాడి కథ పూర్తయింది. వాడి సంగతి ఇంకోవారం రాస్తాను. ఒక్కటి మాత్రం చెప్పాలి. పోయినవి పోయాయి. మామయ్య గొంతు మార్చి చెప్పే ఆ పాత రికార్డు నా దగ్గర లేదు, ఇక రాదు. ఎనిమిదిన్నరకి ఎన్నిసార్లు ఫోను చేసినా అది వెనక్కి తిరగదు.

* * *

రాజమండ్రి తమ్ముడూ! నీ నాలుగ్గంటలు దొరకవు. దొరికినా వాటిలో మూడు గంటలు పెన్ను వెతకడానికీ, టీ తాగడానికీ సరిపోతాయి. నా మాట విని చిల్లర లెక్క చూసుకో. స్క్రిప్టు పేజీ ఒకటి తెరమీద ఒక నిమిషమని సినిమావాళ్ళ మోటులెక్క. నీది పదిహేను నిమిషాల బొమ్మ అయితే పదిహేను పేజీలు. షాపులో బేరం లేని ఇరవై నిమిషాల్లో రోజుకో పేజీ రాయి. బిల్లు పుస్తకం వెనకాల రాసినా ఫరవాలేదు, మీ నాన్నగారికి దొరక్కుండా చూసుకో! రేపటికి ఏ సీను అన్నది ఇవాళే ఒక్క ముక్కలో రాసిపెట్టుకుని లే. కూర్చోగానే మొదలెట్టొచ్చు. పదహారో రోజున నీ చేతిలో స్క్రిప్టు ఉంటుంది. బాగుంటుందో బాగోదో అది వేరే సంగతి. ఉంటుంది!

మిగతా మిత్రులకి కూడా ఒక మనవి. నిమిషాలు లెక్కపెట్టమన్నానని చేతికి గడియారం కట్టుకుని స్నేహితుల్ని తరిమెయ్యకండి. పిసినారితనానికి కాదు ఈ లెక్క. ఎక్కడ ధారాళంగా ఖర్చుపెట్టాలో తెలుసుకోవడానికి. ఒక్క రోజు, ఆదివారమే అనుకోండి, ఒక కాగితం మీద 1440 అని వేసి, ఎక్కడెక్కడ ఎన్ని పోతున్నాయో రాయండి. రాత్రికి ఆ కాగితంలో ఇంట్లోవాళ్ళ పేరు పక్కన ఏ అంకె ఉందో చూడండి. నాకు ఉత్తరం రాయక్కర్లేదు. మీరు చూసుకుంటే చాలు.

ఎవరికైనా "ఒక గంటలో చేస్తా" అని చెప్పి ఉంటే మాత్రం ఈ పేజీ మూసి ఇప్పుడే చేసెయ్యండి. పక్క పేజీలో హీరోయిన్ బొమ్మ ఎక్కడికీ పోదు.

ఎనిమిది ఇరవై ఆరైంది. నాకింకా నాలుగు నిమిషాలుంది. ఎడిటరుగారికి ఇది పంపించేస్తాను. గంటలో కాదండోయ్, ఇప్పుడే!

వచ్చే వారం కలుద్దాం.